కనబడని అతుకు

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణముగా, థేమ్సు నది యొడ్డున, ఆబింగ్డన్ అను చిన్న పట్టణము కలదు. 1929 మొదలు 1980 వరకు ఎం.జి. అను గుర్తు గల కార్లు ఆ యూర తయారైనవి. అష్టకోణములో ఇమిడిన ఆ రెండక్షరములు మోరిస్ గ్యారేజెస్ అను సంస్థ పేరునకు పొడియక్షరములు. ఆ సంస్థను నెలకొల్పిన విలియం మోరిస్ జీవితము మరమ్మతుతోనే ఆరంభమైనది. 1893లో, పదునారేండ్ల ప్రాయమున, నాలుగు పౌండ్ల పెట్టుబడితో అతడు తలిదండ్రుల యింటివద్దనే సైకిళ్లు బాగుచేయు పని పెట్టుకొనెను. ఆ పనినుండియే పిమ్మట కర్మాగారములు పెరిగినవి.

1962లో ఆబింగ్డన్ కర్మాగారము ఎం.జి.బి. అను క్రీడా కారును వెలువరించినది. రెండే సీట్లు, మడిచి వెనుకకు తీయదగిన గుడ్డ కప్పు, నేలకు దగ్గరగా వంగిన ఆకారము. మధ్యతరగతి యువకునకు అందుబాటులో నుండునట్టి ధరకు అమ్ముటయే దాని యుద్దేశము. 1980 అక్టోబరు వరకు అట్టివి ఐదు లక్షలకు పైగా తయారైనవి. అందు పెక్కుభాగము అమెరికాకు ఎగుమతి యైనవి. ఆ యేడే కర్మాగారము మూతపడినది. నేడు వాటిలో కడగొట్టుదానికి సైతము నలుబదియేండ్లు దాటినవి. అయినను ఇంగ్లండులోను అమెరికాలోను ఎందరో గృహస్థులు ఇంటి ప్రక్క షెడ్డులో ఇట్టి కారు నొకదానిని నిలుపుకొని, సెలవు దినములందు తమ చేతులతోనే దానిని పునరుద్ధరించుచున్నారు.

వీరిలో చాలమంది వృత్తిచేత మెకానిక్కులు కారు. పగలు కార్యాలయమున కాగితములు చూచువారు, పాఠశాలలో లెక్కలు చెప్పువారు, ఉద్యోగము విరమించి యింట కూర్చున్నవారు. వీరికి ఈ పని సాధ్యమగుటకు కారణము ఆ కారు నిర్మాణమునందే కలదు. అందు కంప్యూటరు లేదు. బానెట్టు ఎత్తి చూచినచో ఏ గొట్టము ఎచ్చటినుండి బయలుదేరి ఎచ్చటికి పోవుచున్నదో కంటికి కనబడును. నాలుగు సిలిండర్ల ఇంజను. దాని పరిమాణము 1798 ఘన సెంటీమీటర్లు. నట్టు విప్పినచో విడివడును, బిగించినచో కుదురుకొనును. కొన్ని స్పానర్లు, ఒక జాకీ, బరువు మోయు స్టాండ్లు, సందులు కొలుచు ఫీలర్ గేజి, నూనె మరకలు పడిన మరమ్మతు గ్రంథ మొకటి ఉన్నచో ఓపిక గలవాడు పని మొదలు పెట్టవచ్చును. వాల్వునకును దానిని నొక్కు రాకరునకును నడుమ అంగుళములో వేయింట పదునైదు పాళ్లు సందు ఉండవలెనని ఆ గ్రంథము చెప్పును. ఫీలర్ గేజి రేకు ఆ సందులో కొంచెము పట్టుగా జరిగినచో సరి.

దాని ఎస్.యు. కార్బొరేటర్లు రెండును చూడదగినవి. ఇంజను గాలిని పీల్చినకొలది లోని పిస్టను పైకి లేచును. దానికి తగిలించిన మొనదేరిన సూదియు కూడ లేచి, పెట్రోలు రంధ్రమును ఆ మేరకు తెరచును. పిస్టను తటాలున ఎగిరిపోకుండ పైనున్న గొట్టములోని పలుచని నూనె దానిని నిదానింపజేయును. రెండు కార్బొరేటర్లును సమముగా గాలి పీల్చవలెను. దీనికి ఖరీదైన పరికరము అవసరము లేదు. రబ్బరు గొట్టము నొకదానిని ఒక కొన చెవివద్దను, రెండవ కొన కార్బొరేటరు నోటివద్దను ఉంచి, ఈలవంటి ఆ చప్పుడు రెండింట ఒక్కతీరుగా వినబడువరకు మరలు త్రిప్పెదరు. వైద్యుడు రొమ్మునకు గొట్టము ఆనించి వినుటవంటిదే ఇదియును.

ఈ ఇంజను తెలుగు దేశమునకు పరాయిది కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాను ఆధారముగా గొని, కలకత్తా సమీపమున ఉత్తరపారాలో, 1950వ దశకపు చివర హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడరు కారును తయారుచేయ మొదలిడిరి. దానిలో చిరకాలము నడచిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, ఎం.జి.బి. ఇంజనును ఒకే వంశమునకు చెందినవి. రెండింటిని బి-శ్రేణి ఇంజన్లనియే వ్యవహరింతురు. సిలిండర్లలో నిప్పు పుట్టు వరుస రెండింట ఒకటే: ఒకటి, మూడు, నాలుగు, రెండు. విజయవాడ ఆటోనగరులో గాని, హైదరాబాదు వీధిలోని రేకుల షెడ్డులో గాని, మేస్త్రికి స్పానరు అందించుచు పని నేర్చుకొన్న కుర్రవాడు తొలుత కంఠస్థము చేసిన పాఠములలో ఈ వరుసయు ఒకటి. అతడిచట బ్రతుకుతెరువునకై చేసిన పనినే ఆబింగ్డన్ కారు యజమాని అచట వేడుకకై చేయుచున్నాడు. కాని ఒక భేదము కలదు. ఎం.జి. కార్ల సంఘము 1930లోనే పుట్టినది. యజమానుల సంఘము మరియొకటి 1973లో ఏర్పడినది. ఎచ్చట ఏ రేకు చెడును, ఏ మర ఎంత బిగువున నుండవలెను అను విషయములు పుస్తకములకును పత్రికలకును ఎక్కినవి. అంబాసిడరు 2014లో నిలిచిపోయినది. దానిని చెవితోనే విని బాగుచేసిన మేస్త్రీల విద్య చాలవరకు వారి చేతులలోనే యున్నది, వారితోనే పోవుచున్నది.

ఇంజను అరిగినచో విప్పి, కోయించి, కొత్త రింగులు వేసి నిలబెట్టవచ్చును. సీసము కలిసిన పెట్రోలు అమ్మకము బ్రిటనులో 1999 చివరను, భారతదేశమున 2000లోను నిలిచినప్పుడు, ఆ సీసమునే ఆధారముగా గొన్న పాత ఇనుప వాల్వు సీట్లకు ముప్పు వచ్చినది. దానికిని గట్టి సీట్లు పొదుగుట అను ఉపాయము దొరకినది. ఇట్టి కారును నిజముగా చంపునది తుప్పు.

ఎం.జి.బి. కారునకు వేరుగా ఛాసిస్ లేదు. రేకులను మడిచి, అతికి, పెట్టెవలె బిగించిన గుల్లయే దాని యస్థిపంజరము. కప్పు గుడ్డది గనుక దానివలన బలము లేదు. కావున ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ గల బరువును ప్రధానముగా తలుపుల క్రిందుగా పోవు రెండు పెట్టె దూలములే మోయవలెను. వీటిని ఆంగ్లమున సిల్ అందురు. తెలుగున గడప యన్నచో సరిపోవును. ఒక్కొక్క గడపలో బయటి రేకు, నడిమి రేకు, లోపలి రేకు అని మూడు పొరలు కలవు. ముందు చక్రము చిమ్మిన బురద రెక్క వెనుక మూలలో పేరుకొనును. అందలి తేమ గడపలోనికి దిగును. శీతకాలమున రోడ్లపై మంచు కరగుటకై ఉప్పు చల్లు దేశము గనుక ఆ తేమ ఉప్పుతేమ. తుప్పు లోపలినుండి బయటకు తినుకొనుచు వచ్చును. రంగుమీద చిన్న బుడగ లేచునాటికి లోపలి రేకు పొడియై యుండును.

ఇచ్చటనే పునరుద్ధరణకు అసలు పరీక్ష యున్నది. కారు కొన్న క్రొత్తలో యజమాని దానిని మెరుగుపెట్టి మురియును. కొంత కాలమునకు ఎవరో చెప్పగా స్క్రూడ్రైవరు పిడితో గడపను తట్టును. మంచి రేకు ఖంగుమనును. చెడిన చోట మొద్దుచప్పుడు వచ్చును. అయస్కాంతము ఆనించి చూచును. ఇనుమును పట్టిన అయస్కాంతము లప్పమును పట్టక జారిపడును. మునుపటి యజమాని యెవడో చిల్లులను లప్పముతో పూడ్చి, పైన రంగు వేసి అమ్మినాడని అప్పుడు తెలియును. మరికొన్ని కార్లలో కుళ్లిన గడపపైననే కొత్త రేకు తొడుగు వేసి అతికియుందురు. చూపునకు అది క్రొత్త గడపయే. లోపల మాత్రము శూన్యము. అట్టి కారు దేనినైన ఢీకొన్నచో నడుమకు ముడుచుకొనిపోవును.

ఆ రాత్రి షెడ్డులో దీపము క్రింద నిలుచున్న యజమాని యెదుట రెండు త్రోవలుండును. తొడుగు రేకు కొని వేసినచో ఒక్క ఆదివారముతో పని ముగియును, ఎవ్వరికిని తెలియదు. కోసి లోపలి పొరలనుండి కట్టుకొనివచ్చినచో ఎన్నో ఆదివారములు పట్టును. పూర్తియైన పిమ్మట అదియును ఎవ్వరికిని కనబడదు.

రెండవ త్రోవ పట్టినవాని పని యిట్లుండును. బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకు తీసి దూరముగా ఉంచవలెను. నిప్పు పుట్టు పనికి ముందుగా చేయవలసినది ఇదే. సీట్లు, తివాచీలు తొలగించవలెను. గుల్లను గట్టి స్టాండ్లపై సమముగా నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి దూరినవారు ప్రాణములు కోల్పోయిన సందర్భములు కలవు. తరువాత తలుపు తీసి, ఆ ఖాళీకి అడ్డముగా ఇనుప కమ్మి బిగించవలెను. ఇది చేయక గడప కోసినచో గుల్ల నడుమ క్రుంగును. క్రుంగిన గుల్లకు కొత్త గడప అతికినచో ఆ వంకర శాశ్వతమగును, తలుపు మరి యెన్నటికిని సరిగా పడదు. ఒక ప్రక్క ముగిసిన పిమ్మటనే రెండవ ప్రక్క కోయవలెను. తుప్పు పట్టిన మేర మాత్రమే గాక, మెరయు ఇనుము కనబడువరకు కోయవలెను. కొత్త రేకులను మొదట బిగింపులతో నిలిపి, తలుపు పెట్టి, మూసి, సందు చూచి, మరల తీసి సవరించి, మరల పెట్టి చూచి, ఆ తరువాతనే అతుకవలెను. ఒక్కచోటనే పొడుగున అతికినచో వేడికి రేకు మెలిపడును. కావున ఇచట కొంత, అచట కొంత అతుకుచు రావలెను. చివరకు గడప లోపలికి కరగిన మైనము చిమ్మి తేమకు త్రోవ లేకుండ చేయుదురు.

బ్రేకుల సంగతియు ఇట్టిదే. తొలినాటి ఎం.జి.బి.లలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే గొట్టపు మార్గము. ఒక్క గొట్టము తుప్పుపట్టి పగిలినచో పాదము క్రింద ఏమియు మిగులదు. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది గనుక, కారు కదలక నిలిచియున్నను దానిని మార్చుచుండవలెను. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు ఉండెడిది. ఆ ధూళిని నోటితో ఊదుట, పొడిగా తుడుచుట ఊపిరితిత్తులకు ప్రమాదకరము.

బ్రిటనులో కార్లకు ఏటేట ప్రభుత్వ పరీక్ష కలదు. 2018 మేలో వచ్చిన మార్పుచేత, గణనీయమైన మార్పులు చేయబడని కారునకు నలుబదియేండ్లు నిండినచో ఆ పరీక్ష నిర్బంధము కాదు. ఎం.జి.బి.లన్నియు నేడు ఆ వయస్సు దాటినవే. రోడ్డున నడుపుటకు తగిన స్థితిలో కారును ఉంచు బాధ్యతను మాత్రము చట్టము యజమానిమీదనే ఉంచినది. పరీక్షకుడు సుత్తితో గడపను తట్టడు గనుక యజమానియే తట్టుకొనవలెను. ప్రక్క సీటున కూర్చుండు భార్యయో బిడ్డయో గడపను చూడరు, చూచినను తెలియదు. వారు నమ్మునది అతనిని.

1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ పాత అచ్చులను సేకరించి, ఎం.జి.బి. గుల్లలను మరల తయారుచేయ నారంభించినది. కావలసినవాడు కొత్త గుల్ల కొని, పాత కారులోని భాగములన్నియు అందు బిగించుకొనవచ్చును. అప్పుడది పాత కారా, కొత్తదా యని వాదించువారు కలరు. కొందరు గేడన్‌లోని మోటారు మ్యూజియమునకు వ్రాసి, తమ కారు ఏ దినమున తయారైనదో, ఏ రంగుతో వెలువడినదో, ఏ దేశమునకు పంపబడినదో తెలిపెడి పత్రమును తెప్పించుకొందురు. ఎఱ్ఱ కారు ఆకుపచ్చదిగా పుట్టినదని అప్పుడు తేలవచ్చును. డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు, వెలుతురు తగులని మూలలో ఆ తొలిరంగు చెక్కుచెదరక కనబడును. కొందరు ఆ రంగునే మరల వేయుదురు. ఆ వాదమునకు వారిచ్చు సమాధానము అదియే కావచ్చును.

ఎట్టకేలకు ఒక ఉదయమున కారు నేలకు దిగును. తొలుత ప్లగ్గులు తీసి ఇంజనును త్రిప్పి, నూనె పీడనము చూపు ముల్లు లేచువరకు ఆగుదురు. పిమ్మట ప్లగ్గులు బిగించి తాళము త్రిప్పగా, వెనుకనున్న పెట్రోలు పంపు టకటక కొట్టుకొనును. కార్బొరేటర్ల పాత్రలు నిండినకొలది ఆ చప్పుడు నిదానించి ఆగిపోవును. ఆగనిచో ఎచ్చటనో కారుచున్నదన్నమాట. అది ఆగినది గనుక ఇక ఇంజను పలుకును. ఇరుగుపొరుగువారు వచ్చి రంగును మెచ్చుకొందురు, చక్రముల తీగలను మెచ్చుకొందురు. యజమాని వినుచునే తలుపు తెరచి మూయును. అది ఎచ్చటను రాచుకొనక, ఒక్క చప్పుడుతో పడును. గడప నిలిచినదని అతనికి తెలియును.