పరగడుపు నెత్తురు

ఉదయము ఏడు గంటలకు మా వీధి చివరనున్న రక్తపరీక్షల ల్యాబులో వరుసన కూర్చుండియుండగా, నా ప్రక్కనున్న పెద్దమనిషిని, సూది చేతబట్టిన అమ్మాయి "ఏమైనా తిన్నారా బాబాయిగారూ?" అని అడిగినది. ఆయన "ఏమియు తినలేదమ్మా, కాఫీ మాత్రము త్రాగినాను" అని నిష్కపటముగా సెలవిచ్చిరి. పాలును చక్కెరయు దండిగా పడిన కాఫీ మన దృష్టిలో తిండి క్రిందకు రాదు. నెత్తుటికి మాత్రము ఆ భేదము తెలియదు. రేపు రండని చెప్పగా, గుక్కెడు కాఫీకి ఇంత రాద్ధాంతమా అని గొణుగుకొనుచు వెడలిపోయిరి.

ఆ గొణుగుడులో కొంత న్యాయము లేకపోలేదు. పరగడుపున రండని చెప్పువారే గాని ఎందులకో చెప్పువారు అరుదు. అందుచేత జనులు దానిని ఏకాదశి ఉపవాసము వంటి నియమముగా నెంచి, కొందరు మంచినీళ్ళు సైతము ముట్టక, నాలుక పిడచగట్టుకొని వత్తురు. నీరు నిరభ్యంతరముగా త్రాగవచ్చును. త్రాగనిచో సూదికి నరము దొరకుటయే కష్టము. పరగడుపు శుద్ధికి సంబంధించినది కాదు, కొలతకు సంబంధించినది. నేటి అంకెను ఆరునెలల క్రిందటి అంకెతో పోల్చవలెనన్నచో, రెండును ఒకే స్థితియందు తీసినవై యుండవలెను గదా.

నేతితో కాల్చిన పెసరట్టును, అందులో ఉప్మాయును ఆరగించిన మనుష్యుని నెత్తురు మూడు నాలుగు గంటల పిమ్మట తీసి, గాజుగొట్టమున పోసి, గిరగిర త్రిప్పు యంత్రములో నుంచినచో, ఎఱ్ఱకణములు అడుగునకు దిగగా పైన తేరు ద్రవము, సహజమైన లేతపసుపు వన్నెతో నిర్మలముగా నుండుటకు మారుగా, కొందరిలో బియ్యపు కడుగువలె మసకబారి కనిపించును. ప్రేవుల గోడలలోని కణములు కొవ్వును అతిసూక్ష్మములైన రేణువులుగా మలచి, కాలేయమునకు పోవు రక్తనాళములలో గాక లసికానాళములలోనికి విడిచిపెట్టును. అవి ఆ దారినే పైకి ప్రాకి, మెడ అడుగున ఎడమవైపు సిరలో కలియును. కార్నెల్ విశ్వవిద్యాలయమునందలి సైమన్ హెన్రీ గేజ్ అను సూక్ష్మదర్శినీ పండితుడు 1920లో వీనికి కైలోమైక్రానులని పేరిడెను. నిండా ట్రైగ్లిజరైడులనబడు కొవ్వే గల ఈ రేణువులు కరిగిపోవుటకు గంటలు పట్టును. రాత్రి భోజనము తరువాత తొమ్మిది మొదలు పన్నెండు గంటల ఎడముండవలెనను వాడుక పుట్టినది ఇందుచేతనే.

ఇందొక లెక్కల చిక్కు కూడ కలదు. చెడ్డ కొలెస్ట్రాలనబడు ఎల్‌డీఎల్‌ను పెక్కు ల్యాబులు నేరుగా కొలువవు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ ప్రభృతులు ప్రకటించిన సూత్రము ననుసరించి, మొత్తము కొలెస్ట్రాలునుండి మంచి కొలెస్ట్రాలును, ట్రైగ్లిజరైడులలో అయిదవ వంతును తీసివేసి రాబట్టును. మాటవరసకు మొత్తము 200, మంచిది 40, ట్రైగ్లిజరైడులు 150 అయినచో ఎల్‌డీఎల్ 130 అగును. విందు తరువాత ట్రైగ్లిజరైడులు 250కి పెరిగినచో, తక్కినవి కదలకున్నను, కాగితముమీద అది 110కి దిగును. విందు ఆరగించినవానికి ఆరోగ్యము మెరుగుపడినట్లు కనిపించుట వినోదమే!

అయినను రోజువారీ తిండితో ఇంత మార్పు రాదు. డెన్మార్కులో సామాన్యప్రజలను పరిశీలించినప్పుడు, ఇంటి భోజనము తరువాత ట్రైగ్లిజరైడుల పెరుగుదల సగటున డెసిలీటరునకు 26 మిల్లీగ్రాములు మించలేదు. ఆ దేశమున 2009నుండి కొవ్వు పరీక్షకు పస్తు అక్కరలేదనిరి. 2016లో ఐరోపా నిపుణుల సంఘములు సైతము ఆ మాటయే చెప్పి, ట్రైగ్లిజరైడులు 440 దాటినపుడు మాత్రము పరగడుపున మరల చూడుమనిరి. మన ల్యాబులలో పాత అలవాటే నడచుచున్నది.

షుగరు మాట వేరు. ఎనిమిది గంటల పస్తు తరువాత 100కు లోపు సామాన్యము, 126గాని అంతకు మించిగాని యున్నచో మధుమేహమును శంకింపవలెను. ఇచ్చట కాఫీయైనను గీత దాటించును. భోజనానంతర పరీక్షలో తిండి అడ్డు కాదు, ప్రశ్నయే అది: ఈ శరీరము వచ్చిన చక్కెరను ఎంత చురుకుగా సర్దుకొనుచున్నది? ఆ రెండు గంటలను చేయి కడిగినప్పటినుండి గాక మొదటి ముద్దనుండి లెక్కింపవలెను. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీకి మాత్రము నిన్నటి లడ్డుతో పనిలేదు.

తక్కిన వింతలు చాలగలవు. మాంసము ఉడుకునపుడు అందలి క్రియాటిను కొంత క్రియాటినినుగా మారును గనుక, వేటమాంసపు కూర తిన్ననాటి మూత్రపిండముల పరీక్ష అకారణముగా భయపెట్టవచ్చును. ఓ, బీ గ్రూపులవారిలో పలువురకు కొవ్వు భోజనము తరువాత ప్రేవులనుండి ఆల్కలైన్ ఫాస్ఫటేజు రక్తమున చేరి, కాలేయముమీద అనుమానము కలిగించును. మసకబారిన ద్రవము కాంతిని చెదరగొట్టుటచే యంత్రము హిమోగ్లోబినును ఎక్కువగా చూపును. అతిపస్తు కూడ నిర్దోషము కాదు. గిల్బర్టు లక్షణము గలవారికి తిండి మానినచో బిలిరుబిను పెరిగి కండ్లు పచ్చబడవచ్చును.

మరునాడు కాగితములకై పోయినప్పుడు ఆ పెద్దమనిషి మరల కనిపించిరి. రాత్రి పెండ్లిభోజనము పదకొండింటికి ముగిసినదట. అమ్మాయి వ్రేళ్ళు మడిచి లెక్కించి, "ఎనిమిది గంటలైనది బాబాయిగారూ, షుగరుకు చాలు; కొవ్వు పరీక్ష ఇంకొకనాడు చూతము" అన్నది. ఆయన ఒక చేయి చాపిరి. రెండవ చేతిలో కాఫీ ఫ్లాస్కు సిద్ధముగానున్నది.