క్షేత్రపరిశోధన – సమ్మతి
బైలడిల కొండల క్రింద నున్న బచేలి ఇనుపఖనిజపు గనుల పట్టణము. గోండీ, హల్బీ, తెలుగు భాషల మేళనమును పరిశీలింపగోరు విద్యార్థి కిది తగిన క్షేత్రము. కాని గని యాజమాన్యముగాని గ్రామపెద్దగాని ఒసగు అనుమతి వేఱు, సమాచార మిచ్చువాని సమ్మతి వేఱు.

ఈ భేదము పాటింపని ఫలము తెలుగునాటనే కానవచ్చినది. 2009లో ఖమ్మం జిల్లా గిరిజన బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు నివారణకై పరిశీలనార్థము టీకాలు వేసినపుడు, పెక్కు సమ్మతిపత్రములపై తల్లిదండ్రులకు మాఱుగా వసతిగృహాధికారులు సంతకము చేసిరి. 2010లో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. పెద్దల యనుమతి వ్యక్తి సమ్మతికి బదులు కానేరదని భారత వైద్యపరిశోధన మండలి 2017 నాటి సూత్రములు చెప్పుచున్నవి.

భాషాపరిశీలకునకును ఇదియే ధర్మము. సంఘర్షణ చవిచూచిన సీమలో పేరు, ఊరు వ్రాసికొనుటకు ముందే, అవి వెల్లడియైన కలుగు కీడు నాలోచింపవలెను. పరిశోధకుడు తిరిగిపోవును; మాట చెప్పినవాడు అచ్చటనే యుండును.