నల్లబంగారు సీమలో తెల్లని మంచు

గోదావరిఖనిలో మంచు కురవదు. పుష్యమాసపు తెల్లవారుజామున గోదావరి మీద పొగమంచు కమ్ముకుంటుందే గాని, నేల మీద దూదిలా పేరుకునే మంచును అక్కడివారు బొమ్మలో చూడవలసినదే. వేసవిలోనైతే రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటిపోతుంది. అయినా గోడకు వేలాడే కేలెండరు మీదా, ఫొటో స్టూడియో తెర మీదా మంచుకొండలకు మన ఊళ్ళలో ఏనాడూ లోటు లేదు. లేనిదాని మీదే గదా మోజు! తైలవర్ణాలు కొత్తగా చేతబట్టినవాడికి ఆ మంచుకొండే వేయాలని మనసవుతుంది.

"తెల్లరంగు గొట్టం ఒకటి కొంటే చాలు, మంచు వచ్చినట్టే" అనుకుంటాడు. చిక్కంతా అక్కడే. కేన్వాసు నిండా తెలుపు పులిమితే వచ్చేది మంచు కాదు, సున్నం కొట్టిన గోడ!

నిజానికి ఈ మర్మం బొగ్గుగని ఎరిగినవారికి బోధపడినంత సులువుగా ఇంకెవరికీ బోధపడదు. బొగ్గు ఉత్త నలుపు అని దూరానవున్నవారు అంటారు. తలదీపం వెలుతురులో దాన్ని చూసినవారు అలా అనరు. అందులో అద్దంలా మెరిసే పొర ఒకటి, మెరుపు లేని పొర ఒకటి. పైగా గనిలో తెలుపు కూడా వుంటుంది. బొగ్గుధూళి నిప్పందుకుని పేలకుండా గనిదారుల్లో సున్నపురాతి పొడి చల్లుతారు. ఆ పొడి దీపం సూటిగా పడినచోట తెల్లన, కాస్త ఎడంగా బూడిదరంగు, మలుపులో చీకటి. పొడి ఒక్కటే, రంగులు మూడు! మంచూ అంతే. దానికి సొంత రంగంటూ లేదు. మీద పడిన వెలుగే దాని రంగు.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1868-69 చలికాలంలో ఒక మంచు దృశ్యం చిత్రించాడు. మంచు కప్పిన తోట, ఒక దడి, దడి తలుపు మీద మాగ్‌పై అనే ఒంటరి పిట్ట. దడి నీడను ఆయన నల్లగా వేయలేదు, నీలంగా వేశాడు. ఎండ సోకని మంచు మీద పడేది ఆకాశపు వెలుగే కనుక నీడ నీలమే అవుతుంది. 1869లో పారిస్ సెలూన్ ప్రదర్శనవారు ఆ పటాన్ని తిప్పికొట్టారు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో వున్నది. జనం దాని ముందు ఆగి చూస్తారు.

కనుక మంచు వేయదలచినవారు ముందు నీడలు వేయవలెను. నీలం, ఊదా, బూడిద కలిపి పలచగా మొదలుపెట్టాలి. నూనె ఎక్కువగల చిక్కని రంగు పైపొరకే. ఈ వరుస తిరగబడితే కొన్నాళ్ళకు బొమ్మ పగుళ్ళు వారుతుంది. ఎండ తగిలినచోట తెలుపులో చిటికెడు పసుపు చాలు. అచ్చతెలుపును మాత్రం చివరిదాకా దాచుకోవాలి. శిల్పి విగ్రహానికి కన్ను తెరిచేది ఆఖరున గదా! కన్ను తెరిచాక ఉలి కింద పెడతాడు.

బొగ్గుసీమలో ఇంకొక బాధ వున్నది. అవిసెనూనె నీళ్ళలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. దానికి రోజులు పడుతుంది. ఆ లోపల నల్లధూళి వచ్చి తడిమంచు మీద వాలుతుంది. వేలితో తుడిచారా, మసే! ఆరనిచ్చి మెత్తని కుంచెతో దులపాలి. అసలు పని ముగిసిన పూటే బొమ్మను గోడవైపు ముఖం తిప్పి, కొంచెం ముందుకు వాల్చి వుంచితే ఆ తంటా చాలావరకు తప్పుతుంది. షిఫ్టు దిగివచ్చి రాత్రి దీపం కింద కలిపిన నీలం, పగటి వెలుగులో మరోలా కనబడుతుందని కూడా మరువరాదు.

మరి బొమ్మ పూర్తయిందని తెలిసేదెలా? మంచు బొమ్మలు మొదట్లో చెడేది తక్కువ. చివర చెడేదే ఎక్కువ. "ఇంకొక్క చుక్క" అనే ఆశ నీలినీడల్ని మింగేస్తుంది. బారెడు దూరం వెనక్కి జరిగి, కళ్ళు సగం మూసి చూడండి. అద్దంలో తిప్పి చూడండి. నాలుగు రోజులు కంటికి కనబడకుండా వుంచి మళ్ళీ చూడండి. తెలుపు చాలలేదనిపిస్తే తెలుపు పెంచకండి, పక్కనున్న నీడను కాస్త దించండి. తరువాతి చుక్క ఎందుకు పెడుతున్నారో మీకు మీరే ఒక్క మాటలో చెప్పుకోలేకపోతే, కుంచె కడిగేయవలసిన వేళ వచ్చిందన్నమాట.

ఈ "పూర్తి" అన్న మాట మీద లండనులో కోర్టు వ్యాజ్యమే నడిచింది. విస్లర్ అనే చిత్రకారుడి రాత్రిదృశ్యాన్ని రస్కిన్ 1877లో నిందిస్తే, ఆయన దావా వేశాడు. రెండు రోజుల పనికి 200 గినీలా అని 1878లో లాయరు నిలదీశాడు. కాదు, జీవితమంతా గడించిన జ్ఞానానికి అన్నాడు విస్లర్. దావా గెలిచాడు గాని, పరిహారంగా వచ్చింది ఒక్క ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగోవంతు! ఆ విస్లరే అంతకుముందు మంచు పడిన చెల్సీ వీధిని చిత్రించి, అందులో ఒక నల్లని మనిషిని నిలిపాడు. ఆ మనిషి కథ తనకు అక్కరలేదనీ, అక్కడ నలుపు కావలసివచ్చి పెట్టాననీ చెప్పుకున్నాడు.

తెలుపును తెలుపు చేసేది నలుపే. చిత్రకారుడు కావాలని తీర్మానించుకున్న 1880లో వాన్ గోహ్ బెల్జియం బొగ్గుసీమలో వుండి గీసిన తొలి బొమ్మల్లో ఒకటి, తెల్లవారుజామున మంచులో గనికి నడిచిపోయే ఆడా మగా కూలీలది. తెల్లని నేల, నల్లని మనుషులు. మంచును ఎరుగకపోయినా, ఆ నడిచేవారిని గోదావరిఖని బాగా ఎరుగును. అక్కడి కుర్రవాడు కేలెండరు కొండను అలాగే దింపడం మాని ఆ నడకతో మొదలుపెడితే, తెలుపు ఎంత కావాలో, ఎక్కడ ఆపాలో ఆ నలుపే చెబుతుంది.