ప్రాసెసర్‌ను బట్టి కాల విభజన

కంప్యూటరు ఏకకాలంలో అనేక కార్యాలు చేస్తున్నట్లు మనకు తోస్తుంది. వాస్తవానికి పనుల సంఖ్య ప్రాసెసర్‌లోని కోర్ల సంఖ్యను మించినప్పుడు, అవి వంతులవారీగా నడవవలసిందే. ఎవరి వంతు ఎప్పుడు, ఎంతసేపు అనే విషయాన్ని నిర్ణయించే ఆపరేటింగ్ సిస్టం భాగానికి షెడ్యూలర్ అని పేరు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో కోర్బాటో బృందం 1961లో ప్రదర్శించిన సి.టి.ఎస్.ఎస్., ఒకే యంత్రాన్ని పలువురు ఈ విధంగా పంచుకొనే తొలి వ్యవస్థలలో ఒకటి.

వంతు ఎంత ఉండాలి? ఒక పనిని ఆపి మరొకదానిని ఎత్తుకోవడానికి కొంత కాలం వ్యయమవుతుంది. ఉదాహరణకు అది 0.1 మిల్లీసెకను అనుకుందాం. వంతు 10 మిల్లీసెకన్లయితే నష్టం సుమారు నూటికి 1 వంతు. వంతును 1 మిల్లీసెకనుకు తగ్గిస్తే నష్టం నూటికి 9 వంతులకు పెరుగుతుంది. అయితే 20 పనులు వరుసలో ఉన్నప్పుడు, చివరి పని మొదటి పద్ధతిలో సుమారు 190 మిల్లీసెకన్లు, రెండవ పద్ధతిలో 21 మిల్లీసెకన్లు మాత్రమే వేచి ఉంటుంది. దీర్ఘమైన వంతు శ్రమను ఆదా చేస్తుంది. స్వల్పమైన వంతు నిరీక్షణను తగ్గిస్తుంది. రెండింటినీ సంపూర్ణంగా పొందడం అసాధ్యం.

ఈ లెక్క యంత్రాన్ని బట్టి మారుతుంది. 2007లో లినక్స్‌లో చేరిన సి.ఎఫ్.ఎస్. అనే షెడ్యూలర్, సిద్ధంగా ఉన్న పనులన్నింటికీ ఒకసారి వంతు రావడానికి నిర్దేశించిన కాలాన్ని కోర్ల సంఖ్యను బట్టి పెంచేది: ఒక కోర్‌కు 6 మిల్లీసెకన్లు, రెండింటికి 12, నాలుగింటికి 18, ఎనిమిది లేదా అంతకు మించితే 24. కోర్లు పెరిగితే భారం పంచుకోబడుతుంది కనుక వంతును పొడిగించినా నిరీక్షణ అంతగా బాధించదని దీని భావం. 2023లో ఇ.ఇ.వి.డి.ఎఫ్. అనే పద్ధతి దాని స్థానాన్ని ఆక్రమించింది.

ఐదు వేళ్ళూ సమానంగా ఉండవన్నట్లు, నేడు కోర్లు కూడా సమానం కావు. ఎ.ఆర్.ఎం. సంస్థ 2011లో బలమైన కోర్లను, విద్యుత్తును పొదుపుగా వాడే చిన్న కోర్లను జతపరచే విధానాన్ని ప్రకటించింది. ఇంటెల్ 2021లో వ్యక్తిగత కంప్యూటర్లకు అటువంటి ప్రాసెసర్లనే విడుదల చేసింది. ఇక్కడ సమాన కాలం ఇచ్చినంత మాత్రాన సమాన ఫలితం లభించదు. అందుకే 2019లో లినక్స్‌కు ప్రతి కోర్ శక్తిని, దాని విద్యుత్ వ్యయాన్ని తూచి, పనికి తగిన చోటు ఎంచే విధానం చేర్చబడింది.

పెద్ద సర్వరుకు సరిపడే విలువలను పాత రెండు కోర్ల కంప్యూటరుకు తెచ్చి పెట్టడం వివేకం కాదు. గంటల తరబడి సాగే గణనకు దీర్ఘమైన వంతులు, మనిషి ఎదుట కూర్చుని వాడే యంత్రానికి స్వల్పమైన వంతులు ఉచితం. ఒక్కసారికి ఒక్క విలువనే మార్చి, ముందూ తరువాతా కాలాన్ని కొలిచి చూడాలి. ఈ సవరణ వలన ప్రాసెసర్‌కు కొత్త బలం రాదు. ఉన్న బలం వృథా కాకుండా ఉంటుంది. పరిమిత వనరులతో చదువుకొనే విద్యార్థికి అది స్వల్ప లాభమేమీ కాదు.