సిక్కోలులో కథకుల పండగ

బైండు చేసిన పాత వారపత్రికల సంపుటం ఆయన ముందు పెట్టారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. పలాస వైపు పల్లె. కళ్లజోడు పంచె కొంగుతో తుడుచుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. అంచు పట్టి లాగడం లేదు. అడుగున అరచెయ్యి పెట్టి ఒక్కో పేజీని ఎత్తి అవతలికి వాలుస్తున్నారు. కాగితం టీ రంగుకు తిరిగిపోయింది, కుట్టు దగ్గర పొడి రాలుతోంది. ఒకచోట ఆగారు. అక్షరాలకు తగిలీ తగలనట్టు వేలు ఆనించి, "ఇదే బాబూ, నా కత" అన్నారు. కాసేపటికి తేరుకుని, "నా ఇంటిపేరు తప్పేసినారు సూడండి" అని నవ్వారు.

ఆయన జీవితం మొత్తంలో రాసినవి మూడు కథలు. ఆ పత్రికలు ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస తీరం మీద విరుచుకుపడింది. "పెంకులెగిరిపోనాయి. పెట్టి నిండా నీల్లే. కతలు ముద్దయిపోనాయి" అన్నారు. పోయాయనుకున్న మూడింట్లో ఒకటి శ్రీకాకుళం కథానిలయంలో దొరికింది. మిగతా రెండూ ఏ పత్రికలో, ఏ ఏడాది వచ్చాయో చీటీ మీద రాసిచ్చి, వెళ్లి సభలో కూర్చున్నారు.

ఏటా ఫిబ్రవరిలో కథానిలయం వార్షికోత్సవానికి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లుంటారు. రైలెక్కి వచ్చేవాళ్లు ఆమదాలవలసలో దిగుతారు. స్టేషను బోర్డు మీద మాత్రం 'శ్రీకాకుళం రోడ్' అని ఉంటుంది. అక్కణ్నుంచి ఊళ్లోకి బస్సో ఆటోనో పట్టుకోవాలి. దారిలో పక్కసీటు మనిషిని పలకరిస్తే సగంసార్లు ఆయనా అక్కడికే అని తేలుతుంది. ఫలానా సంచికలో మీ కథ చదివాను అంటారు. ఆ మాట విన్న రచయితకు అంతకు మించిన సన్మానం అక్కర్లేదు.

కథానిలయం 1997 ఫిబ్రవరి 22న మొదలైంది. నిలబెట్టినవారు కాళీపట్నం రామారావు గారు, అందరికీ కారా మాస్టారు. 1924 నవంబరు 9న శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. విశాఖపట్నం సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పారు. 'యజ్ఞం' కథ తెలుగునాట లేపిన చర్చ ఇప్పటికీ చల్లారలేదు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అవార్డుల సొమ్ముకు స్నేహితులు, పాఠకులు ఇచ్చింది చేర్చి ఒక ఇల్లు కట్టించారు. ఆ ఇల్లు కథలకు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా, అది తొలిసారి వెలుగు చూసిన పత్రికతో సహా, ఒకచోట ఉండాలన్నది ఆయన కోరిక. గొప్ప కథలని అనలేదు, ప్రతి కథా అన్నారు. ఆ ఒక్క మాటే నన్ను పదేపదే అక్కడికి లాక్కెళుతుంది.

తొలి ముద్రణ కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, ఒక్క ఉదాహరణ చాలు. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది, అదే తొలి తెలుగు కథ అని బడిలో చదువుకున్నాం. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 'హిందూసుందరి' పత్రికలో అచ్చయింది. పాత సంచికలు వెదికి తీసినవాళ్లు లేకపోతే చిన్న వయసులోనే వెళ్లిపోయిన ఆ తల్లి పేరు మనకు చేరేదా? గురజాడ శిల్పం గొప్పతనానికి దీనివల్ల తరిగేదేమీ లేదు. కానీ ఒక ఆడమనిషి మొదట వేసిన అడుగును లెక్కలో రాయకపోవడం అన్యాయం. ఆ లెక్క సరిచేసింది చెదలు పట్టిన కాగితాలే.

ఈ నేలలోనే కథ ఊట ఉందని నాకు గట్టి నమ్మకం. విజయనగరం వెళితే గురజాడ ఇల్లుంది. 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ఆడింది ఆ ఊళ్లోనే. అదే ఊళ్లో చాగంటి సోమయాజులు, మన చాసో. ఆయన పుట్టినరోజు జనవరి 17. ఆ రోజున ఏటా ఒక రచయితకు చాసో స్ఫూర్తి పురస్కారం ఇస్తారు. మూడు నాలుగు పేజీల్లో మనిషి ఆకలినీ, పరువునూ ఒకే తక్కెట్లో పెట్టి చూపించిన చాసోలాంటివాడు మళ్లీ రాలేదనే అంటాను. అలమండ దాటితే రచయిత పతంజలి గుర్తొస్తాడు. విశాఖలో ప్లీడరు రావిశాస్త్రి కోర్టు వరండాల్లో తిరిగే సారా వ్యాపారులు, పోలీసులు, దిక్కులేని ఆడవాళ్లు మాట్లాడే మాటను ఉన్నదున్నట్టు కాగితం మీదికి తెచ్చాడు. అప్పటిదాకా ఉత్తరాంధ్ర యాసను నాటకాల్లో హాస్యానికి వాడుకునేవాళ్లు. దానితో గుండె పిండవచ్చని 'ఆరు సారా కథలు' రుజువు చేశాయి. పాటకైతే వంగపండు ఉండనే ఉండేవాడు. గజ్జె కట్టి ఆయన అందుకున్న పాట ఏ సంకలనంలోకీ ఎక్కకముందే ఊరూరా జనం నోళ్లలోకి ఎక్కింది.

కథానిలయం గోడల మీద కథకుల ఫొటోలు చూడండి. పేరున్నవాళ్ల పక్కనే మనమెవరమూ గుర్తుపట్టలేని ముఖాలున్నాయి. నాలుగు కథలు రాసి మానేసిన టీచర్లు, పోస్టాఫీసు గుమస్తాలు. ఏ ముఖం దగ్గరైనా ఆగి అడిగితే, ఫలానా ఊరు, ఫలానా కథ అని చెప్పేవాళ్లు ఎవరో ఒకరు సభలో దొరుకుతారు.

పెద్ద సాహిత్య ఉత్సవాలకూ వెళ్లాను. 2006లో మొదలైన జైపూరు ఉత్సవం, 2010 నుంచి జరుగుతున్న హైదరాబాదు ఉత్సవం వేలమంది కుర్రకారుకు పుస్తకాల రుచి చూపించాయి, కాదనను. కానీ అక్కడ తెలుగు కథకుడికి దక్కే చోటు చాలా చిన్నది. వేదిక దిగాక ఆయన చెయ్యి పట్టుకుని "మీ కథలో ఆ ముసలమ్మ మా ఊరి మనిషే కదా మాస్టారూ" అనేవాళ్లు తక్కువ. శ్రీకాకుళంలో రాసినవాడూ చదివినవాడూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. భోజనాల దగ్గర కథ ముగింపు మీద వాదన మొదలైతే విస్తళ్లు ఎండిపోవాల్సిందే.

2021 జూన్ 4న మాస్టారు వెళ్లిపోయారు, 96 ఏళ్ల వయసులో. తాను రాసినదానికంటే ఇతరులు రాసినది వెదకడానికే ఎక్కువ తపన పడ్డ రచయిత మరొకరు నాకు తెలియదు. కథానిలయం తలుపులు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి. వెతుకులాట కూడా ఆగలేదు.

దొరకాల్సిన సంచికలు ఇంకా ఉన్నాయి. అవి మన ఇళ్లలోనే అటకల మీద, బీరువాల అడుగున పడి ఉన్నాయి. తాతగారు పోయాక, ఇల్లు మారేటప్పుడు, సంక్రాంతికి సున్నం వేయించేటప్పుడు పాతపేపర్లవాడికి తూకానికి వేసేస్తున్నాం. ఈసారి ఆ కట్ట కిందికి దించినప్పుడు తాడు విప్పండి. అట్ట చిరిగినా పర్లేదు, విషయసూచిక చూడండి. 'కథ' అన్న మాట కనపడితే పక్కన తీసిపెట్టి శ్రీకాకుళానికి పంపండి. పలాస పెద్దాయన చీటీలో రాసిచ్చిన రెండు కథలు ఇంకా దొరకలేదు.