నేల కోలుకునే తీరు: కవ్వాల్ అడవి, శ్రీరాంపూర్ మట్టిగుట్టలు

కవ్వాల్ పులుల అభయారణ్యం గోదావరికి ఉత్తరాన మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. 1965లో వన్యప్రాణి అభయారణ్యమైన ఈ అడవికి 2012లో పులుల అభయారణ్యం హోదా వచ్చింది. మొత్తం 2,015 చదరపు కిలోమీటర్లలో 892 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం, మిగిలింది బఫర్. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, వెదురు పెరిగే ఈ అడవి ఎండాకాలం వచ్చేసరికి ఆకు రాల్చేస్తుంది. దీనికి ఆగ్నేయంగా, మంచిర్యాల జిల్లాలోనే, శ్రీరాంపూర్ సింగరేణి గనులున్నాయి. అడవిలో జరిగే పని ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం. గనుల దగ్గర జరిగేది పోయినదాన్ని మళ్ళీ మొలిపించడం. రెండుచోట్లా పని నేలతోనే మొదలవుతుంది, చెట్టు ఆ తర్వాతి మాట.

గడ్డి

ఒక పులి వారానికి దాదాపు ఒక పెద్ద జంతువు చొప్పున ఏడాదికి సుమారు 50 జంతువులను తింటుంది. మందలు తరిగిపోకుండా ఆ తిండి దొరకాలంటే అది తిరిగే ప్రాంతంలో చుక్కల దుప్పులు, సాంబార్లు, నీల్‌గాయిలు, అడవిపందులు అన్నీ కలిపి 500 దాకా ఉండాలని శాస్త్రవేత్తల అంచనా. ఆ మందలకు గడ్డి కావాలి. టేకు గుబురుగా ఎదిగినచోట కింద ఎండ పడదు, గడ్డి సరిగా మొలవదు. అందుకే అడవి మధ్యలోని ఖాళీలను గడ్డి మైదానాలుగా కాపాడటం అటవీ సిబ్బందికి ముఖ్యమైన పని.

ఆ ఖాళీలను ఆక్రమించే మొక్కల్లో లాంటానా మొండిది. ఉష్ణమండల అమెరికాకు చెందిన ఈ పూలపొదను 19వ శతాబ్దం మొదట్లో అందం కోసం కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి తెచ్చారు. పిట్టలు పండ్లు తిని విత్తనాలను ఊళ్ళూ అడవులూ దాటించాయి. దీని ఆకును అడవి జంతువులు పెద్దగా ముట్టవు, పొద నీడలో గడ్డి బతకదు. పైపైన నరికితే మొదలు మళ్ళీ చిగిర్చి, పొద ఇంకా దట్టమవుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ సి.ఆర్.బాబు రూపొందించిన పద్ధతి దీనికి విరుగుడుగా పేరు తెచ్చుకుంది. చిగుళ్ళు పుట్టేది కాండం, వేరు కలిసే చోట. కాబట్టి ఆ చోటుకు కాస్త కింద, నేలలో మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున తల్లివేరును తెంపి, పొదను పైకెత్తి తలకిందులుగా పెడతారు. మట్టి తగలని వేరు ఎండకు ఒరుగైపోతుంది. అయినా నేలలో మిగిలిన విత్తనాలు వానపడగానే మొలుస్తాయి. రెండు మూడేళ్ళపాటు ఆ పిల్ల మొక్కలను పీకుతూ ఉండకపోతే మొదటి ఏడాది కష్టమంతా వృథా.

ఖాళీ అయిన నేలను ఊరికే వదిలితే తగిరిస, వయ్యారిభామ వంటివి ముందు చేరతాయి. అందుకని చలికాలంలో స్థానిక గడ్డి జాతుల గింజలు సేకరించి తొలకరికి చల్లుతారు, లేదా పిలకలు నాటుతారు. కలుపును కాయ కట్టకముందే తీసేస్తారు. వేరు పట్టేదాకా పశువుల మేత పడకుండా చూస్తారు.

నీరు

కడెం లాంటి వాగులు వానాకాలంలో పొంగుతాయి, ఎండలు ముదిరేసరికి ఇసుక తేలుతాయి. ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరుతుందని ఇక్కడి గూడేల వాళ్ళకు తరతరాలుగా తెలుసు. అడవి జంతువుల కోసం చెలమలు తవ్వేటప్పుడూ అక్కరకొచ్చేది ఆ ఎరుకే. ఊట అందనిచోట సాసర్ పిట్లు కడతారు. పళ్ళెంలా లోతు తక్కువగా, అంచులు ఏటవాలుగా ఉండే సిమెంటు తొట్లివి. అంచు నిటారుగా ఉంటే దాహానికి దిగిన కూన పైకి రాలేదు. వీటిని ట్యాంకర్లతోనో, సౌరశక్తితో నడిచే బోర్లతోనో నింపుతారు. నీళ్ళన్నీ ఒక్కచోటే ఉంటే చుట్టుపక్కల గడ్డి తొక్కిడికి నాశనమవుతుంది, రోగాలు పాకుతాయి, వేటగాడికి మాటు సులువవుతుంది. కాబట్టి తొట్లను దూరం దూరంగా పెడతారు. వాలు నేలల్లో కందకాలు, రాతికట్టలు, ఊటకుంటలు వాన నీటిని భూమిలోకి ఇంకిస్తాయి.

నిప్పు

ఫిబ్రవరి నుంచి మే వరకు అడవికి అగ్నిగండం. రాలిన టేకు ఆకు విస్తరంత వెడల్పు, ఎండితే కాగితంలా అంటుకుంటుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, తునికాకు కొత్త చిగురు కోసం నిప్పు పెట్టడం, ఆర్పని బీడీ ముక్క: ఎక్కువ మంటలకు మొదలు మనిషి చేతిలోనే ఉంది. నేలబారు మంట పెద్ద చెట్లను కూల్చకపోయినా లేత మొక్కలను, నేలమీద గూడు కట్టే పిట్టల గుడ్లను కాల్చేస్తుంది. కప్పు పోయిన నేలను తొలి వాన కోసుకుపోతుంది.

ఎండలు ముదరకముందే దారుల వెంట ఆకు ఊడ్చి, హద్దు మీరకుండా కాల్చి ఫైర్‌లైన్లు వేస్తారు. మంట అక్కడికొచ్చి తినడానికేమీ లేక ఆగిపోతుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారాన్ని ఫోన్లకు పంపుతుంది. 375 మీటర్ల స్పష్టతతో చూసే పరికరాలు ఆ ఉపగ్రహాల్లో ఉన్నాయి. సమాచారం ఆకాశం నుంచి వచ్చినా, ఆర్పేది మాత్రం పచ్చికొమ్మలతో, బ్లోయర్లతో నడిచి వెళ్ళే ఫైర్ వాచర్లే.

మనుషులు, దారులు

బేస్ క్యాంపుల్లో ఉండి గస్తీ తిరిగేవాళ్ళు, ఉచ్చులు, కరెంటు తీగలు వెతికి తీసేవాళ్ళు చాలావరకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. అడవి బాగు వాళ్ళ బాగుతో ముడిపడింది. కోర్ ప్రాంతంలోని మైసంపేట, రాంపూర్ గూడేల కుటుంబాలు 2024లో కడెం మండలం మద్దిపడగ దగ్గర కట్టిన కొత్త కాలనీకి తరలాయి. ఊరు ఖాళీ చేసినవాళ్ళకు ఇల్లు, సాగుభూమి, నీళ్ళు మాట ప్రకారం అందినప్పుడే అలాంటి పనికి న్యాయం ఉంటుంది.

కవ్వాల్‌కు పులులు మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల మీదుగా వస్తాయి. వాటి దారికి అడ్డంగా కాజీపేట–బల్లార్షా రైలు మార్గం, రహదారులు ఉన్నాయి. ఈ దారిని కాపాడటానికి 2025 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌ను ప్రకటించింది. ఆదివాసీల ఆందోళనతో జూలైలో ఆ ఉత్తర్వును నిలిపివేసింది. స్థానికుల సమ్మతి లేకుండా ఏ రక్షణా నిలవదని ఈ అనుభవం చెబుతోంది.

మట్టిగుట్టలు

శ్రీరాంపూర్ ఓపెన్‌కాస్ట్ వంటి గనుల్లో బొగ్గు పైనున్న మట్టిని, ఇసుకరాతిని తవ్వి పక్కన పోస్తారు. దాన్నే ఓబీ అంటారు. భూమి అడుగున ఉండాల్సిన రాయి గుట్టల పైకి చేరుతుంది. అందులో కుళ్ళిన ఆకు ఉండదు, వేళ్ళకు తోడుండే శిలీంధ్రాలు ఉండవు, నీరు నిలవదు. ముందుగా వాలును మెట్లుగా సవరించాలి. వరదకు మట్టి జారకుండా గుట్ట అడుగున గోడ, చుట్టూ కాలువ కట్టాలి. తవ్వేముందు వేరుగా తీసి దాచిన పైమట్టిని తిరిగి పరవాలి. ఆ పైమట్టే గుట్టకు ఆస్తి. ఏళ్ళ తరబడి కుప్పగా పడి ఉంటే అందులోని జీవం చచ్చిపోతుంది.

తర్వాత గడ్డి, పప్పుజాతి మొక్కలు వేస్తారు. కానుగ, నల్లతుమ్మ వంటివి వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. వేప, వెదురు వంటివి వాటికి తోడవుతాయి. ఒకే జాతిని వరుసలుగా నాటితే పచ్చదనం కనిపిస్తుంది కానీ పిట్టకు పండు, పురుగుకు పువ్వు ఏడాదంతా దొరకవు. నాటిన మొక్కల లెక్క మొదటి మెట్టు మాత్రమే. రాలిన ఆకు నేలలో కలిసి, పిట్టలు తెచ్చిన విత్తనాలు మొలిచి, ఎవరూ నాటని మొక్క ఎవరూ నీళ్ళు పోయకుండా ఎండాకాలం దాటితే, ఆ గుట్ట మళ్ళీ నేల అయినట్టు.