పాత బోటు ఇంజన్‌కు నీటిగండం

బోటులో బిగించిన డీజిల్ ఇంజన్ వయసు మీరి ఆగిపోవడం అరుదు. పోత ఇనుముతో చేసిన పాత ఇంజన్లు, సరిగ్గా చూసుకుంటే, దశాబ్దాల తరబడి పనిచేస్తాయి. వాటిని చెడగొట్టేది ఎక్కువగా నీరే. డీజిల్లో చేరిన నీరు, ఇంజన్‌ను చల్లబరచడానికి అందని నీరు, పొగగొట్టం గుండా వెనక్కి తన్నే నీరు, ఆయిల్లో కలిసిన నీరు, వైర్ల కొసలను తినేసే ఉప్పునీరు. లారీ ఇంజన్‌నే మార్చి బోటులో పెట్టినా దాని బాగోగులు వేరుగా చూడాల్సి రావడానికి కారణం ఇదే.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్లోని గాలిని 16 నుంచి 20 రెట్లు కుదిస్తే అది 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. ఇంజెక్టర్ అందులోకి చిమ్మిన డీజిల్ తుంపర దానంతటదే అంటుకుంటుంది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజన్ కూడా ఇలా కుదించిన గాలి వేడితోనే ఇంధనాన్ని మండించింది. అందుకే ఇంజన్ స్టార్ట్ కానప్పుడు చూడాల్సినవి నాలుగే: తిరిగే వేగం, గాలి, డీజిల్, కంప్రెషన్. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే, పుట్టిన వేడి సిలిండర్ గోడలకే పోతుంది, డీజిల్ అంటుకోదు. ఆ స్థితిలో ఇంజెక్షన్ పంపు విప్పడం దండగ. ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు బోల్టు శుభ్రం చేయాలి. ఉప్పు గాలికి రాగి తీగ ప్లాస్టిక్ తొడుగు లోపల కూడా చిలుమెక్కుతుంది. పైకి బాగానే కనిపించే వైరును లోపల చిలుము సగం తినేసి ఉండవచ్చు.

ఇంజన్ చురుగ్గా తిరుగుతున్నా పొగగొట్టం నుంచి పొగ జాడే లేకపోతే సిలిండర్లకు డీజిల్ అందడం లేదన్నమాట. ఇంజన్‌ను ఆపే కేబుల్ తిరిగి తన చోటికి వచ్చిందో లేదో మొదట చూడాలి. గంటల తరబడి తికమక పెట్టిన లోపం ఒక్కోసారి అంతే ఉంటుంది. తర్వాత ట్యాంకు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ గోడలమీద నీరుగా పడుతుంది. నీరు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుక్కు చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే ఆ అంచునే బ్యాక్టీరియా, శిలీంధ్రాలు డీజిల్‌ను తింటూ పెరుగుతాయి. హార్మోకోనిస్ రెజినే అనే శిలీంధ్రం వీటిలో పేరుమోసింది. అవి చేసే నల్లటి జిగురు ట్యాంకు అడుగున పడి ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ తెలియదు. సముద్రం పోటెత్తి బోటు ఊగినప్పుడు అది కలగుండుపడి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. ఇంజన్ సరిగ్గా అలలు ఎక్కువగా ఉన్నప్పుడే మొరాయించడం దురదృష్టం కాదు, దాని వెనక ఉన్న సంగతి ఇదీ. ఖాళీగా తిరిగేటప్పుడు బాగానే ఉండి, లోడు పడగానే వేగం తగ్గి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయితే ఫిల్టర్ మూసుకుపోయిందనే అనుకోవాలి. నీటిని వేరుచేసే ఫిల్టర్ అడుగు కప్పులోంచి కాస్త డీజిల్‌ను గాజు సీసాలోకి వదిలి చూస్తే అడుగున నీటి పొర విడిగా కనిపిస్తుంది. బయలుదేరే ముందు రోజూ చేయదగిన పని ఇది.

ఫిల్టర్ మార్చినప్పుడు లోపల గాలి చేరుతుంది. గాలి కుదించుకుపోతుంది కాబట్టి పంపు ఎంత నొక్కినా ఇంజెక్టర్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. గాలి తీసే పని ట్యాంకు వైపు నుంచి ఇంజన్ వైపుకు వరుసగా సాగాలి. ఫిల్టర్ మీది స్క్రూను కొద్దిగా వదులు చేసి, ఫీడ్ పంపు చేతి మీటను ఆడిస్తూ ఉంటే మొదట నురుగు, తర్వాత బుడగలు, చివరికి తేటగా డీజిల్ వస్తుంది. స్క్రూ బిగించి, ఇంజెక్షన్ పంపు దగ్గర కూడా అలాగే చేయాలి. మీట బిగుసుకున్నట్టుండి డీజిల్ తోడకపోతే పంపు చెడిపోలేదు. దాన్ని నెట్టే క్యామ్ ఎత్తు మీద ఆగింది. ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పితే సరిపోతుంది. చివరగా ఇంజెక్టర్ల దగ్గర పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే డీజిల్ ఉబికి వస్తుంది, అప్పుడు బిగించాలి. నాజిల్ తుంపరకు మాత్రం చేయి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని కండలోకి దిగుతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇక్కడే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. సముద్రపు నీటిని పొగగొట్టంలోకి వదిలే రకం ఇంజన్లలో, సెల్ఫ్ కొట్టినంతసేపూ నీటి పంపు కూడా తిరుగుతుంది. ఇంజన్ అంటుకోలేదు కాబట్టి ఆ నీటిని బయటికి నెట్టే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి, నీరు వాల్వుల గుండా సిలిండర్లోకి దిగుతుంది. నీరు కుదించుకోదు, పిస్టన్ పైకి వచ్చిందంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పదేపదే సెల్ఫ్ కొట్టాల్సి వస్తే ముందు సముద్రపు నీటి వాల్వ్ మూసి, ఇంజన్ అంటుకున్న మరుక్షణం తెరవాలి. ఇంత చిన్న జాగ్రత్త తెలియక మంచి ఇంజన్లు తుక్కు కావడం నిజంగా బాధాకరం.

ఆ నీటి పంపులో ఉండేది రబ్బరు రెక్కల చక్రం. నీరు లేకుండా తిరిగితే నిమిషాల్లోనే రెక్కలు తెగుతాయి. తెగిన ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి, లేకుంటే అవి హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల్లో ఇరుక్కుని, కొత్త చక్రం వేసినా ఇంజన్ వేడెక్కుతూనే ఉంటుంది. ఆ ఎక్స్ఛేంజర్లో ఉండి తుప్పును తనమీదికి లాక్కునే జింకు కడ్డీని సగం అరిగేసరికే మార్చాలి.

పొగ రంగు చాలా చెబుతుంది. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు, లేదా మోయలేనంత భారం పడింది. బోటు అడుగున నాచు, గవ్వలు పట్టినా నల్లపొగే వస్తుంది. నీలిపొగ ఆయిల్ మండుతోందనడానికి గుర్తు: రింగులో, వాల్వ్ గైడులో అరిగాయి. తెల్లపొగ వెంటనే గాలిలో కరిగిపోతే ఆవిరి. కళ్లు మండిస్తూ నిలిచి ఉండి, నీటిమీద జిడ్డు తెట్టు కడితే మండని డీజిల్.

ఆయిల్ నల్లబడటం మామూలే. అది పాలు కలిపిన టీ రంగుకు మారితే నీరు చేరినట్టే: హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్, నీటి పంపు సీలు వరుసగా చూడాలి. ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపు డయాఫ్రం చిరిగి ఉండవచ్చు.

ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆయిల్‌ను జూన్‌లో బయలుదేరే ముందు కాకుండా, ఏప్రిల్‌లో బోటు ఆపిన రోజే మార్చడం మేలు. వాడిన ఆయిల్లో డీజిల్ గంధకం నుంచి పుట్టిన ఆమ్లాలుంటాయి. కదలకుండా నిలిచిన ఇంజన్లో అవి బేరింగులను తింటాయి. ట్యాంకు నింపి ఉంచితే తేమ పట్టే చోటుండదు. ఉప్పునీరు పారే దారులను మంచినీటితో కడగాలి. రబ్బరు చక్రాన్ని విప్పి పెడితే రెక్కలు వంగిపోకుండా ఉంటాయి.

ఒడ్డుకు లాగిన బోటు ఆకారం కాస్త మారుతుంది, అందుకే ఇంజన్, షాఫ్టుల వరస బోటు నీటిలోకి దిగాకే సరిచూడాలి. కలిపే రెండు ఫ్లాంజీల మధ్య ఫీలర్ గేజి పెట్టి చుట్టూ కొలిస్తే, 100 మిల్లీమీటర్ల ఫ్లాంజీకి తేడా 0.1 మిల్లీమీటర్ దాటకూడదు. దాటితే ఇంజన్ కాళ్ల దగ్గర సర్దాలి. షాఫ్టు బోటు బయటికి వెళ్లే చోట నీటిని ఆపే గ్లాండ్ ప్యాకింగ్‌ను మాత్రం పూర్తిగా బిగించకూడదు. షాఫ్టు తిరిగేటప్పుడు అక్కడ చుక్కచుక్కగా కారే నీరే దాన్ని చల్లగా ఉంచుతుంది.